ఉప్పు తిన్న హోటల్

క్రొయేషియాలోని క్రక్ దీవిలో, ఎడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, హలుడోవో అనే పాడుబడిన హోటల్ ఉంది. బోరిస్ మగాష్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. 1970ల మొదట్లో అట్టహాసంగా తెరిచారు. ఈత కొలనులు, పెద్ద హాళ్లు, ఒక అమెరికన్ పత్రికాధిపతి డబ్బుతో పెట్టిన కేసినో. ఆ కేసినో ఏడాది గడిచేసరికి దివాలా తీసింది. 1990ల యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయినవాళ్లు ఇక్కడ తలదాచుకున్నారు. 2001 తర్వాత అతిథులు లేరు. దీని ఫొటోలు చూస్తే ఎవరికైనా వచ్చే సందేహం, ఇంత తొందరగా ఇలా ఎలా అయిపోయింది అని. నాకైతే, అన్నేళ్లు బాగా ఎలా ఉందా అనిపిస్తుంది.

ఎందుకంటే ఉప్పు హోటల్ మూతపడ్డాక రాలేదు. గోడలు లేస్తున్నప్పుడే వచ్చింది.

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అల విరిగినప్పుడు లేచే నురగలో ఒక్కో బుడగా పగిలి కంటికి కనపడని తుంపరలు చిమ్ముతుంది. వాటిలో నీరు చాలావరకు ఆవిరైపోతుంది, ఉప్పు గాలిలో తేలుతూ ఊరి వైపు వస్తుంది. హోటల్ నడిచినన్నాళ్లూ అద్దాలు దాన్ని ఆపాయి, పెయింటు ఆపింది, రోజూ తడిగుడ్డతో తుడిచేవాళ్లు ఆపారు. అద్దం పగిలాక గది లోపలి గోడ కూడా బయటి గోడే.

ఉప్పుకి ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీటిని పీల్చుకుని కరిగిపోతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. రాత్రి కరగడం, పగలు గడ్డకట్టడం. ప్లాస్టరింగ్ రంధ్రాల్లో పెరిగే ఆ స్ఫటికాలు లోపలి నుంచి నెట్టి నెట్టి దాన్ని పిండిపిండిగా రాల్చేస్తాయి. వాన లేని రోజు కూడా గోడ చెమ్మగా కనపడితే పైపు లీకవుతోందనుకుంటాం. చాలాసార్లు అది ఉప్పు పనే.

అసలు నష్టం ఇంకా లోపల, ఇనుప చువ్వల దగ్గర. కొత్త కాంక్రీటుకి క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 13కి దగ్గరగా ఉంటుంది. అందులో ఉన్నంతకాలం చువ్వ మీద కొన్ని నానోమీటర్ల మందం పొర ఒకటి ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి ఇంకి, ఆ పొరకి అక్కడక్కడ చిల్లులు పెడతాయి. తుప్పు, తాను తినేసిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చువ్వ పొడవునా చీలి, పెచ్చులూడుతుంది. ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు గానీ, ఉప్పు తిన్న ఇనుముని మాత్రం నమ్మకూడదు.

విచిత్రమేమిటంటే, వాన తగిలే గోడలు కొంత నయం. వాటి మీది ఉప్పు కడుక్కుపోతుంది. వాన పడని వరండా సీలింగుకి, మెట్ల అడుగుకి ఆ అదృష్టం లేదు.

కొలను సంగతి వేరు. ఖాళీ కొలను భూమిలో పాతిపెట్టిన పడవ లాంటిది. ఒడ్డున భూగర్భ జలం పైకే ఉంటుంది కాబట్టి, లోపల నీటి బరువు లేకపోతే తొట్టె మొత్తం పైకి లేవచ్చు, లేదా అడుగు బీటలు వారవచ్చు.

ఇలాంటి చోట నడిచేవాళ్లు తల పైకెత్తి చూస్తూ నడుస్తారు. గది స్లాబుకి అది సరిపోతుంది. రెండు వైపులా ఆనుకున్న స్లాబు మధ్యలో బరువు పడితే సాగేది అడుగు భాగం, అందుకే అక్కడ ముఖ్యమైన చువ్వలు కిందే ఉంటాయి. తుప్పు మరకలు, ఊడిన పెచ్చులు కింద నుంచే కనపడతాయి. బాల్కనీ అలా కాదు. ఒక్క వైపే పట్టు ఉన్న పలక అది. బరువు పడితే సాగేది పై భాగం, కాబట్టి దాన్ని మోసే చువ్వలూ పైనే, టైల్స్ కింద, నీళ్లు నిలిచే చోటే ఉంటాయి. అడుగు నున్నగా ఉండగానే పైన చువ్వ సన్నబడిపోయి ఉండవచ్చు. లోపలికి వెళ్లినవాళ్లు సముద్రం ఫొటో కోసం ముందుగా వెళ్లి నిలబడేది మాత్రం అక్కడే.