బూడిదలో మొలిచిన గడ్డి: ఎన్‌గోరోంగోరో తగాదా ఎక్కడ మొదలైంది?

2024 ఆగస్టులో టాంజానియా ఉత్తరాన ఎన్‌గోరోంగోరో జిల్లాలో పశువుల మీద బతికే మసాయి తెగవాళ్లు వేలమంది సఫారీ జీపులు తిరిగే రోడ్డును దిగ్బంధించారు. వాళ్ల వార్డులను, గ్రామాలను ప్రభుత్వం జాబితాలోంచి కొట్టేసింది. ఊరే లేదంటే ఓటెక్కడ వేయాలి? పైకి కనిపించిన కారణం అది. అసలు గొడవ గడ్డి దగ్గరుంది.

ఈ జిల్లాలో ఓల్ డోయిన్యో లెంగాయ్ అనే అగ్నిపర్వతం ఉంది. తమ దేవుడు ఎంగాయ్ కొలువు ఆ కొండేనని మసాయిల నమ్మకం. దాని లావా నల్లగా పారి, తడి గాలి తగిలాక తెల్లబడుతుంది. ఇలాంటి కొండలు వేల ఏళ్లుగా చిమ్మిన బూడిద పడమటి మైదానాల్లో గట్టి పొరగా పేరుకుంది. చెట్ల వేర్లు అందులోకి దిగవు కాబట్టి అక్కడ పొట్టి గడ్డే మొలుస్తుంది. ఖనిజాలు దండిగా ఉండే ఆ గడ్డి కోసమే పెద్ద జింకల జాతికి చెందిన లక్షల విల్డెబీస్ట్‌లు ఏటా అక్కడికి వచ్చి, జనవరి చివరి నుంచి మార్చి దాకా ఈనుతాయి.

చిక్కేమిటంటే, విల్డెబీస్ట్ దూడల ముక్కు, కంటి స్రావాల్లో ఒక వైరస్ ఉంటుంది. వాటికేమీ కాదు గానీ ఆవుకు సోకితే దాదాపు చావే. అందుకే మంచి మేత కళ్లెదుటే ఉన్నా, ఆ నెలల్లో మసాయిలు మందల్ని ఎత్తైన ప్రాంతాలకు తోలుకుపోతారు. ఏ జీవో లేకుండా కుదిరిన సర్దుబాటు ఇది. ఆ ఎత్తులకు దారి మూస్తే మసాయి ఆవులు బతకవు, ఈ సంగతి తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

అంతకుముందున్న దటోగా తెగవాళ్లను వెళ్లగొట్టి 19వ శతాబ్దంలో మసాయిలు ఇక్కడ స్థిరపడ్డారు. 1890ల మొదట్లో రిండర్‌పెస్ట్ తెగులు మందల్ని తుడిచిపెట్టింది. ఆస్ట్రియా యాత్రికుడు ఆస్కార్ బౌమన్ 1892లో ఇక్కడి పెద్ద అగ్నిపర్వత బిలాన్ని చూసినప్పుడు, ఆకలికి ఎముకల గూళ్లయిన మసాయిలనూ చూశాడు. జర్మన్ల పాలనలో సీడెంటాఫ్ సోదరులు ఆ బిలంలోనే పశువుల ఫారం పెట్టారు.

బ్రిటిష్‌వాళ్లు 1951లో సెరెంగెటి నేషనల్ పార్క్ ఏర్పాటు చేశాక, పార్కులో మనుషులుండకూడదన్న వాదన బలపడింది. చివరికి 1959లో ఒప్పందం కుదిరింది. మసాయిలు సెరెంగెటి వదలాలి, బదులుగా పక్కనే 8,000 చదరపు కిలోమీటర్లు దాటిన ఎన్‌గోరోంగోరో పరిరక్షణ ప్రాంతంలో పశువులతో పాటు ఉండొచ్చు. మనుషులకూ జంతువులకూ పేచీ వస్తే మనుషుల వైపే మొగ్గుతామని అప్పటి గవర్నర్ మసాయి పెద్దలకు మాటిచ్చాడు.

ఆ మాట పదిహేనేళ్లు కూడా నిలవలేదు. 1974లో బిలం లోపలి కుటుంబాలను ఖాళీ చేయించారు. 1975లో సాగు నిషేధించారు, 1992లో సడలించారు, 2009లో మళ్లీ బిగించారు. 1979లో యునెస్కో గుర్తింపు వచ్చాక షరతులు ఇంకా పెరిగాయి. మసాయిలు వెళ్లిపోతే జంతువులు క్షేమమా అంటే అదీ లేదు. 1960ల్లో బిలంలో వందకు పైగా ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1990ల మధ్యకు పదీ పదిహేనుకు పడిపోయాయి. కారణం వేటగాళ్లు, ఆవులు కాదు.

డబ్బు సంగతి వేరు. బిలంలోకి దిగే జీపుకు రుసుమే 250 డాలర్లకు పైన. ఆదిమానవుల అవశేషాలు దొరికిన ఓల్డువాయ్ లోయ, లేటోలిలో 36 లక్షల ఏళ్లనాటి మానవ పూర్వీకుల అడుగుజాడలు ఇక్కడే. ఈ ఆదాయంలో తమకు దక్కేది చిల్లరేనని మసాయిల ఫిర్యాదు. జిల్లాలో కాలవలు తవ్వుకుని పంటలు పండించే సోంజో తెగవాళ్లూ ఉన్నారు గానీ వాళ్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. 2011లో మాత్రం వాళ్ల ఊరు సముంగే మారుమోగింది. ఒక రిటైర్డ్ పాస్టర్ రోగాలు నయమవుతాయంటూ 500 షిల్లింగులకు కప్పు కషాయం పోస్తే, మన చేపమందు క్యూలు చిన్నబోయేంత జనం కిలోమీటర్ల కొద్దీ వాహనాల్లో పడిగాపులు కాశారు.

జిల్లా ఉత్తరాన లోలియోండోలో ఇంకో మెలిక. 1992లో అక్కడ వేట హక్కులు దుబాయ్‌తో సంబంధాలున్న కంపెనీకి దక్కాయి. 2022 జూన్‌లో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతుతుంటే ఘర్షణ జరిగింది. ఒక పోలీసు చనిపోయాడు, మసాయిలు చాలామంది గాయపడ్డారు. ఆవులకు చోటు లేకుండా చేసి వేటకు తెరిచిన నేలను పరిరక్షణ అనడం నాకైతే మింగుడుపడదు.

ప్రభుత్వం వాదనలోనూ పస ఉంది. 1959లో 8,000 ఉన్న పరిరక్షణ ప్రాంతం జనాభా ఇప్పుడు లక్షకు చేరింది. అందుకే 2022 నుంచి కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరంలో హండేని జిల్లా ఎంసొమెరాకు తరలిస్తోంది. 2024 డిసెంబర్‌లో అధ్యక్షురాలు సామియా మసాయి పెద్దలతో మాట్లాడి, భూమి మీద ఒకటి, తరలింపు మీద ఒకటి కమిషన్లు వేస్తామన్నారు.

ఎంసొమెరాలో ఇచ్చేవి మూడు గదుల ఇళ్లు. మసాయి ఇంట్లో ఒకరికి మించి భార్యలుంటే ఎవరి గుడిసె వాళ్లదే, మట్టీ పేడా కలిపి ఆడవాళ్లే కట్టుకుంటారు. ఆ సంసారమంతా ఒకే కప్పు కింద ఎలా ఇముడుతుందన్నది ప్రశ్న. ఎంసొమెరాలో ముందునుంచీ ఉన్నవాళ్లేమో, పంచిపెడుతున్న ఆ భూములు తమవేనంటున్నారు.