హిస్టరీ మేజర్: అడ్మిషన్లప్పుడు వినే మాటలు, అసలు సంగతులు

అపోహ: "రాజుల పేర్లు, తేదీలు బట్టీ కొట్టడమేగా సార్!"

కడపలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే నేను ఎక్కువగా వినేది ఈ మాటే. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనాన్నే తీసుకోండి. తెలుగులో దొరికిన తొలి శాసనమంటాం, క్రీ.శ. 575 ప్రాంతమని రాస్తాం. కానీ దాని మీద సంవత్సరమే లేదు! రేనాటి చోళరాజు ధనంజయుడు రేనాడు (మన కడప ప్రాంతం) ఏలుతున్నప్పటిదని ఉంది. కొన్ని అక్షరాలు చెరిగిపోయాయి కూడా. లిపి తీరు చూసి పండితులు కట్టిన అంచనా ఆ 575. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ కాలంలో ఊరూరా రాయించిన కైఫీయతులది, అంటే ఊరి చరిత్ర రాతలది, మరో చిక్కు. ఊరి పుట్టుక, మాన్యాల వివరాలు చాలావరకు కరణాలు చెప్పినవే. మాన్యం తింటున్నవాళ్లే దాని కథ చెబితే ఎంతవరకు నమ్మాలి? గుడి శాసనంతో సరిచూస్తే ఒకచోట కలుస్తుంది, ఇంకోచోట కలవదు. కలవనప్పుడు ఏం రాయాలో నేర్పేదే మా సబ్జెక్టు. రేపు దస్తావేజులు చదివే లాయరుకూ, వార్త రాసే విలేకరికీ పనికొచ్చేది అదే.

అపోహ: "హిస్టరీ తీసుకుంటే గ్రూప్స్ కొట్టినట్టే."

ఏ డిగ్రీ ఉన్నా గ్రూప్స్, సివిల్స్ రాయొచ్చు. పరీక్ష హాల్లో మీ పక్క బెంచీలో ఇంజినీరే ఉంటాడు. సిలబస్ కలిసొస్తుంది, నిజమే. గ్రూప్-2 మెయిన్స్‌లో రాష్ట్ర సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీ ఆప్షనల్‌కు 500 మార్కులు, అందులో మ్యాపు ప్రశ్నకే 50. అంతే, అంతకు మించి హామీ లేదు. నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు రూములు అద్దెకు తీసుకుని కూర్చోవడం నాకు నచ్చదు. రెండో దారి కూడా చూసుకోవాలి.

అపోహ: "సదివి ఏం జేస్తాడు సార్, గండికోటలో గైడు గానా?"

గైడు పనికేం తక్కువ! అది కాకుంటే బీఈడీ చేసి డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్, మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఎంఏ తర్వాత నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష). పురావస్తు శాఖ వైపు వెళ్లాలన్నా ఎంఏ దాకా చదవాల్సిందే. అక్కడ పోస్టులు తక్కువ, ముందే చెబుతున్నా.

అపోహ: "తెలుగు మీడియం పిల్లోడు, ముందుకు పోలేడు."

కైఫీయతులు తెలుగులోనే ఉన్నాయి కాబట్టి అక్కడ వాడిదే పైచేయి. అయితే 1800లో ఈ సీమ కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి పోయాక అప్పటి కలెక్టర్ మన్రో రాసిన రెవెన్యూ లేఖలు ఇంగ్లీషులో ఉంటాయి. అందుకే రెండో ఏడాది నుంచి రోజుకో పేజీ ఇంగ్లీషులో రాసి తెమ్మంటాను. తెచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.