ఫ్లాక్, ఎంపీ3: పాటల సేకరణలో అపోహలు, వాస్తవాలు

పాత క్యాసెట్లు, గ్రామఫోను రికార్డులు డిజిటల్‌లోకి ఎక్కించడం నా వృత్తి. వచ్చినవాళ్లు ముందుగా అడిగేది, “ఫ్లాక్‌లో ఇస్తారా, ఎంపీ3లోనా?” అని. ఆ టేపు కంపెనీదా, కాపీకి కాపీనా అన్న ఊసే ఉండదు. రెండూ డిజిటల్ పాటను దాచే ఫార్మాట్లే: ఫ్లాక్ ధ్వనిలో ఏమీ పోనివ్వకుండా కుదిస్తుంది, ఎంపీ3 కొంత తీసేసి ఇంకా చిన్నది చేస్తుంది. మూలంలో ఉన్న ధ్వనిలో ఎంత నిలుస్తుందో తేల్చడం వరకే ఫార్మాటు పని. మూలంలో లేనిదాన్ని ఏ ఫార్మాటూ పుట్టించలేదు. ఈ సంగతి మర్చిపోవడం వల్లే చాలా అపోహలు వస్తున్నాయి.

అపోహ: ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మారిస్తే క్వాలిటీ పెరుగుతుంది.

పెరిగేది ఫైలు సైజు మాత్రమే. మన చెవికి ఆనవనుకున్న ధ్వనుల్ని, అంటే పెద్ద శబ్దం చాటున ఉండిపోయే చిన్న శబ్దాల్లాంటివాటిని, ఎంపీ3 తీసి పారేస్తుంది. పోయినవి ఇక తిరిగి రావు.

తెలుగు సినిమా పాటల్లో ఈ దొంగ ఫ్లాక్‌ల బెడద ఎక్కువ. ఒక్క డిస్కులో వందకు పైగా పాటలు పట్టించిన ఎంపీ3 సీడీలు గుర్తున్నాయా? 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) పాట నిమిషానికి ఒక ఎంబీ కూడా ఉండదు. వాటిని కారు ప్లేయరు కోసం ఎవరో మళ్లీ ఆడియో సీడీగా రాస్తారు. ఆ సీడీ ఇంకొకరి చేతిలో పడి ఫ్లాక్ అవుతుంది, పేరు చివర ‘ఒరిజినల్ సీడీ రిప్’ అని చేరుతుంది. అనుమానం వస్తే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిచి చూడండి. పాటలో ధ్వని ఎంత ఎత్తు వరకు ఉందో అది కిలోహెర్ట్జ్ లెక్కన బొమ్మ గీసి చూపిస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని అంతా ఒకే అడ్డగీత మీద ఆగిపోతే అది ఎక్కడో ఒకచోట ఎంపీ3గా బతికొచ్చిందనే అనుకోవాలి. 1950ల పాటల్లోనూ పై ధ్వనులు తక్కువే, కానీ అక్కడ క్రమంగా సన్నగిల్లుతాయి, వాటిపైన టేపు రొద కూడా కనిపిస్తుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి చేసిన దొంగ ఫ్లాక్‌ను మాత్రం ఈ పద్ధతిలో పట్టుకోవడం కష్టం.

అపోహ: 320 ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా చెవి ఉన్నవాడెవడికైనా తెలుస్తుంది.

ఎంపీ3లు తయారుచేసే లేమ్ లాంటి మంచి ప్రోగ్రాంతో చేసిన 320 అయితే చాలామందికి తెలియదు. ఏది ఏదో చూసి వింటే మాత్రం అందరికీ తెలిసినట్టే ఉంటుంది! ఫూబార్2000 అనే ప్లేయరుకు ఏబీఎక్స్ పరీక్ష యాడ్ఆన్‌గా దొరుకుతుంది, పేర్లు కనపడకుండా వినిపిస్తుంది. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పలేకపోతే గుడ్డిగా చెప్పినదానికీ దానికీ పెద్ద తేడా లేదు.

128 దగ్గర కథ వేరు. అక్కడ గాత్రం కంటే ముందు ఘటం, కంజీర దొరికిపోతాయి. దెబ్బ పడడానికి ఒక్క క్షణం ముందే సన్నటి గరగర వస్తుంది. సభలో చప్పట్లు నీళ్లలోంచి వినిపించినట్టుంటాయి. కొనే హెడ్‌ఫోన్ ఎలాంటిదో తేల్చుకోవడానికి కూడా నేను చప్పట్లే వింటాను, నవ్వుకోండి.

అపోహ: 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైలు సీడీ కంటే బాగా వినిపిస్తుంది.

ఇక్కడ కిలోహెర్ట్జ్ అంటే ధ్వనిని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తారో, బిట్లంటే ఆ కొలత ఎంత సూక్ష్మమో. వినడానికి సీడీలో ఉండే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ ఎత్తు వరకూ అందులో పడుతుంది, అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ వ్యత్యాసం ఇముడుతుంది. మంచి క్యాసెట్టుకు కూడా అందులో 60 దక్కితే గొప్ప. 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షలో హై రిజల్యూషన్ ధ్వనిని మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపించినా శ్రోతలు మామూలు వాల్యూములో పోల్చుకోలేకపోయారు.

అయినా నేను టేపు ఎక్కించేటప్పుడు 24 బిట్లే వాడతాను. ఎక్కడ గొంతు పెరుగుతుందో, ఎక్కడ డోలు విరుచుకుపడుతుందో ముందు తెలియదు కాబట్టి లెవెలు తగ్గించి పెట్టుకోవాలి. అలా తగ్గించినా నష్టం లేకుండా 24 బిట్లు కాపాడతాయి, తర్వాత టిక్కుటిక్కులు తీసేటప్పుడూ వెసులుబాటు ఇస్తాయి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కూడా భద్రపరిచే కాపీకి కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటోంది. కానీ క్యాసెట్ డెక్కులో టేపును చదివే హెడ్డు కోణం సరిగ్గా లేకపోతే పై ధ్వనులు అక్కడే చచ్చిపోతాయి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను చెవితో వింటూ సరిచేయడం వల్ల వచ్చే మేలు 192 వల్ల రాదు.

అపోహ: ఫ్లాక్ కూడా కుదించేదే కదా, అసలు కుదించని వేవ్ మేలు.

ఫ్లాక్ విప్పితే ప్రతి బిట్టూ యథాతథంగా వస్తుంది. 0 నుంచి 8 వరకు ఉన్న కుదింపు లెవెళ్లు సైజునూ, పట్టే సమయాన్నీ మారుస్తాయి, ధ్వనిని కాదు. మామూలుగా సీడీ పాట సగం నుంచి మూడింట రెండొంతుల సైజుకు దిగుతుంది. రెండు చానెళ్లూ అచ్చం ఒకటే అయిన పాత మోనో పాట ఇంకా బాగా తగ్గుతుంది, రొద నిండిన టేపు మొండికేస్తుంది. పైగా ఫ్లాక్‌లో అసలు ధ్వనికి ఎండీ5 ముద్ర, అంటే ధ్వని మారితే సరిపోలని గుర్తు సంఖ్య, ఉంటుంది. పదేళ్ల తర్వాత హార్డ్ డిస్కు ఏ పాటను పాడుచేసిందో దాన్నిబట్టి తేల్చొచ్చు. వేవ్‌లో ఆ వసతి లేదు. పాట పేరు, రాగం తెలుగు లిపిలో రాసుకోవడానికీ ఫ్లాక్ ట్యాగులే హాయి.

అపోహ: ఎంపీ3ని కాపీ చేసేకొద్దీ అరుగుతుంది.

అరగదు. ఎడిట్ చేసి మళ్లీ ఎంపీ3గా సేవ్ చేస్తేనే నష్టం.

అపోహ: ఫోన్లో ఫ్లాక్ ఉంటే బ్లూటూత్‌లో ఫ్లాకే వింటున్నట్టు.

బ్లూటూత్ మామూలుగా దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. సీడీ ధ్వనికి 1411 కేబీపీఎస్ కావాలి, ఎల్‌డాక్ అనే బ్లూటూత్ కుదింపు పద్ధతికి గరిష్ఠం 990. ఫోన్లోకి ఎంపీ3లాగే కొంత తీసేసి కుదించే ఓపస్ 160 లేదా ఏఏసీ 256 ఎక్కించుకుంటే జాగా మిగులుతుంది. కచేరీలకు మాత్రం ఫోన్లోనూ ఫ్లాకే ఉంచుతాను. కీర్తన నుంచి తని ఆవర్తనానికి (తాళవాద్యాల వంతుకు) ట్రాకు మారే చోట ఎంపీ3 కొన్ని ప్లేయర్లలో రవ్వంత ఖాళీ వదులుతుంది. తాళం వేస్తున్న చేతికి అది వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: ఎంపీ3 చచ్చిపోయింది.

2017లో అలాగే వార్తలొచ్చాయి. జరిగింది పేటెంట్ల గడువు తీరి, లైసెన్సులిచ్చే కార్యక్రమం ఆగిపోవడం. అంటే ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఫ్లాక్ తెలియని పాత కారు స్టీరియోలో పెన్‌డ్రైవ్ పెట్టేవాళ్లకు ఇప్పటికీ నేను ఇచ్చేది 320 ఎంపీ3నే. ఫ్లాక్ మాత్రం రెండు వేర్వేరు డిస్కుల్లో ఇంట్లో ఉంచుకోమంటాను.