‘డాక్టర్ గారి బండి, పాతిక వేలే తిరిగింది’: లగ్జరీ ఎస్‌యూవీ కొనేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎక్స్3, ఆడి క్యూ5, మెర్సిడెస్ జీఎల్‌సీ, వోల్వో ఎక్స్‌సీ60... ఏ బండి చూడమని పిలిచినా ఫోన్‌లో మొదటి మాట ఒకటే: "చాలా తక్కువ తిరిగిందండీ, పాతిక వేలే." ఏ సంవత్సరం మోడలో అడిగితే కనుక్కుని చెప్తామంటారు. పెట్రోలో డీజిలో కూడా ఒక్కోసారి తెలియదు. మీటర్ ఫోటో మాత్రం అప్పటికే వాట్సాప్‌లో వచ్చి ఉంటుంది. కొనేముందు బండి తనిఖీ చేసి చెప్పడమే నా పని కాబట్టి ఈ మాట వినివిని విసుగొచ్చింది. మిగతా అపోహల వల్ల వేలల్లో పోతే, దీనివల్ల లక్షల్లో పోతున్నాయి. అందుకే ముందు దీని సంగతి చూసి, మిగతావి చకచకా చెప్పేస్తాను.

అపోహ: తక్కువ తిరిగిన బండే మంచి బండి

అసలు ఆ అంకె నిజమని ఎవరు చెప్పారు? మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్ పెట్టి కాసేపట్లో చేసేసే పని. అయితే ఈ తరగతి బండ్లలో కిలోమీటర్ల లెక్క ఒక్క మీటర్‌లోనే ఉండదు. వేరే కంప్యూటర్లలో, కొన్ని బీఎండబ్ల్యూల్లోనైతే తాళంచెవిలో కూడా నమోదవుతుంది. తిప్పేవాళ్లలో చాలామంది మీటర్ మార్చి, మిగతావి వదిలేస్తారు. బండి కంప్యూటర్లను చదివే స్కానర్ పెడితే దొరికిపోయేది అక్కడే.

స్కానర్ లేకుండా మీరే చూసుకోగలిగేది కూడా ఒకటుంది. ముందు చక్రం స్పోకుల సందులోంచి బ్రేక్ డిస్క్ కనిపిస్తుంది. బండి చల్లారాక టార్చ్ వేసి, డిస్క్ అంచు మీద గోరు పెట్టి లాగండి. ప్యాడ్ రాసుకునే భాగం అరిగేకొద్దీ బయటి అంచు చిన్న గట్టులా మిగులుతుంది. పాతిక వేలు తిరిగిన బండికి ఆ గట్టు గోరుకు తెలిసీ తెలియనట్టు తగలాలి. గోరు టక్కున ఆగిపోయిందంటే ఆ డిస్క్ చాలా ఊళ్లు చూసొచ్చిందని అర్థం. డిస్కులు కొత్తగా తళతళలాడుతున్నాయా? పాతిక వేలకే డిస్కులు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. ఒకసారి పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఇదే ప్రశ్న వేస్తే కుర్రాడు ఏమీ తడుముకోకుండా "ఓనర్‌కి శుభ్రం ఎక్కువ సార్" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. స్టీరింగ్‌కి రంగు వేయించవచ్చు, డ్రైవర్ సీటు లెదర్ మార్పించవచ్చు, బ్రేక్ పెడల్ మీద కొత్త రబ్బరు తొడగవచ్చు. డిస్కుల దాకా ఆలోచించేవాళ్లు తక్కువ.

సరే, అంకె నిజమే అనుకుందాం. అప్పుడు కూడా అది మంచి వార్త కాకపోవచ్చు. ఇది చెప్పినప్పుడే నామీద అందరికీ కోపం వస్తుంది.

"డాక్టర్ గారి బండి సార్, ఇల్లు–హాస్పిటల్ తప్ప ఎక్కడికీ తిరగలేదు." అమ్మేవాళ్లు దీన్ని గొప్పగా చెప్తారు. డీజిల్ బండి విషయంలో నేను భయపడేది సరిగ్గా దానికే. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్‌లో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ వదిలే మసి అందులో పేరుకుంటుంది. కొంత నిండాక ఇంజిన్ తనంతట తానే ఆ మసిని దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. ఆ రీజనరేషన్ పూర్తవ్వాలంటే బండి ఆగకుండా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు మంచి వేగంతో నడవాలి. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే బండికి ఆ అవకాశం ఎక్కడిది? మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంది. మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, దాని మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంటే "ఫుల్‌గా ఉంది" అని సంతోషించకండి.

ఆ మధ్య నిజామాబాద్ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు వచ్చారు. డాలస్‌లో ఉన్న కొడుకు డబ్బు పంపి, "నాన్నా, మంచి జర్మన్ బండి తీసుకో, సేఫ్టీ ఉంటుంది" అన్నాడట. రెండు బండ్లు చూపించారు. ఒకే మోడల్, రెండూ 2020 డీజిల్. ఒకటి 26 వేలు తిరిగిన డాక్టర్ గారి బండి, రెండోది 84 వేలు తిరిగింది, ఎక్కువగా విజయవాడ హైవే మీదే. మొదటిది రెండు లక్షల ముప్పై వేలు ఎక్కువ చెప్తున్నారు. పెద్దాయన మనసంతా దానిమీదే ఉంది.

డాక్టర్ గారి బండికి స్కానర్ పెట్టాను. మీటర్ నిజమే, ఎక్కడా మోసం లేదు. కానీ మధ్యలో ఆగిపోయిన రీజనరేషన్లు వరసగా కనిపించాయి. ఆయిల్ మట్టం గీతకు పైన ఉంది. పొగలో కాలుష్యం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ ద్రవం వ్యవస్థలో ఒక ఫాల్ట్ కోడ్. యాడ్‌బ్లూ మన ఎండల్లో ఏళ్లతరబడి ట్యాంకులో నిల్వ ఉంటే చెడిపోతుంది, తెల్లటి గడ్డలు కడుతుంది. టైర్ల మీద తేదీ ముద్ర 4119. అంటే 2019లో 41వ వారం తయారీ, బండితో పాటు వచ్చినవే. పైన గాడులు నిండుగా ఉన్నాయి, పక్కలు మాత్రం నెర్రెలిచ్చాయి. రెండేళ్లకోసారి మార్చాల్సిన బ్రేక్ ఫ్లూయిడ్ "తిరగలేదు కదా" అని ఒక్కసారీ మార్చలేదు. 84 వేల బండికి టైర్లు రెండో సెట్, సర్వీస్ ప్రతి ఏడాదీ జరిగింది, డీపీఎఫ్ శుభ్రంగా ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే చప్పుడు కుదురుగా వచ్చింది.

"అంటే బాబూ, తిరిగిన బండే కొనమంటావా?" అన్నారాయన నమ్మలేనట్టు. నేను ఎదురు ప్రశ్న వేశాను. రోజూ ఎక్కడికి వెళ్తారని. ఉదయం పార్కు, సాయంత్రం గుడి, నెలకో పెళ్లి. ఇక రెండు బండ్లూ వద్దన్నాను. ఆ వాడకానికి డీజిలే తప్పు. డాలస్ నుంచి కొడుకు ఫోన్‌లో కాసేపు వాదించాడు, తప్పులేదు, అతనికి అక్కడి హైవేలే కళ్లముందు ఉంటాయి. చివరికి పెట్రోల్ బండి తీసుకున్నారు.

కాబట్టి అడగాల్సింది ఎంత తిరిగిందని కాదు. ఎలా తిరిగింది, ఏ తేదీన ఏం మార్చారు అని. దానికి సాక్ష్యం షోరూమ్ ట్రాక్, అంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉండే రికార్డు. "ఫుల్ షోరూమ్ ట్రాక్ ఉంది" అన్న నోటి మాట కాదు నేననేది. ఓనర్ చేతనే అధీకృత సర్వీస్ సెంటర్‌లో అడిగించి ఛాసిస్ నంబర్ మీద చరిత్ర అంతా తీయించండి. ప్రతి సర్వీస్ పక్కనా తేదీ, ఆ రోజు మీటర్ ఉంటాయి. 2022లో 61 వేలు, ఇప్పుడు 38 వేలు అని కనిపిస్తే ఇక మాట్లాడేదేముంది? ఏడాదికి ఒక్క సర్వీస్ అయినా లేని బండిని, ఎంత తక్కువ తిరిగినా, నేను తీసుకోమని చెప్పను. కొన్ని భాగాలకు గడువు కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్కన కూడా ఉంటుంది. ఎక్స్‌సీ60 డీ5లో టైమింగ్ బెల్ట్ అలాంటిదే. బెల్ట్ బదులు టైమింగ్ చైన్ ఉన్నవాటి కథ వేరు. 2014కి ముందరి ఎక్స్3 20డిలో చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చల్లటి ఇంజిన్‌లో గరగర శబ్దం వినిపిస్తే మెకానిక్ "మామూలే" అన్నా నమ్మకండి.

ఇప్పటికే తక్కువ తిరిగిన డీజిల్ కొనేసినవాళ్లు ఇది చదివి టెన్షన్ పడకండి. మసి నిండినంత మాత్రాన డీపీఎఫ్ పోయినట్టు కాదు. ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్ ముందు మార్పించండి. మసి ఎంత ఉందో ఒకసారి స్కాన్ చేయించండి. మరీ ఎక్కువ ఉంటే వర్క్‌షాప్‌లోనే రీజనరేషన్ చేయిస్తారు. తర్వాత వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి అరగంట ఆపకుండా నడపండి, చాలు. డీపీఎఫ్ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తామనే షెడ్డు వాళ్ల మాట మాత్రం వినకండి, అది చట్టవిరుద్ధం.

ఇక మిగతావి.

అపోహ: క్రెటా ధరకే ఆడి వస్తోంది, ఖర్చు కూడా అంతే

బండి ధర తగ్గింది, స్పేర్ పార్ట్ ధర తగ్గలేదు. పాతిక లక్షలకు కొన్నా, దాని హెడ్‌లైట్ కొత్త బండి హెడ్‌లైటే, ఒక్కోటి లక్ష పైమాటే. పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ కూడా లక్ష దాటతాయి. ఇన్సూరెన్స్‌లో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు కాబట్టి ఆ కోత లేకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ దొరుకుతుందో లేదో బేరానికి ముందే కనుక్కోండి. పాత బండ్లకు చాలా కంపెనీలు ఇవ్వవు. ఉన్న డబ్బంతా బండికే పెట్టేసి, చేతిలో మూడు నాలుగు లక్షలు కూడా మిగల్చుకోని వాళ్లను చూస్తే నాకు కోపం కన్నా బాధే ఎక్కువ. మొదటి బిల్లుకే అమ్మకానికి పెడతారు.

కొత్త ధరలతో పోల్చుకోవడం కూడా మరవకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ఎస్‌యూవీల మీద పన్ను, సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది, 40 శాతానికి వచ్చింది. అంతకుముందు ఓనర్ ఎంత పెట్టి కొన్నాడన్నది మీకు అనవసరం. ఇవాళ కొత్తది ఎంత అన్నదాని మీదే బేరం మొదలుపెట్టండి.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చనక్కర్లేదు

ఎవరి లైఫ్‌టైమ్? బీఎండబ్ల్యూలు వాడే 8 స్పీడ్ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే, వాడకాన్ని బట్టి 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మొదటి ఓనర్‌కి అవసరం రాదు, మీకు వస్తుంది. ఆ ఖర్చు బేరంలోనే లెక్కేసుకోండి.

అపోహ: రీపెయింట్ అయితే యాక్సిడెంట్ బండే

మన ఊళ్లలో బైకు గీయని బంపర్ చూపించండి. ఒక డోర్, ఒక బంపర్ రంగు వేయించినంత మాత్రాన భయపడొద్దు. చూడాల్సింది బానెట్ ఎత్తితే కనిపించే ఆప్రాన్లు (చక్రాల పైనుండే లోపలి రేకులు), ఛాసిస్ కాళ్లు (ఇంజిన్‌కు రెండు పక్కలా ఉండే ఇనుప దూలాలు), ఫెండర్ బోల్టుల మీద పానా పెట్టిన గుర్తులు. పాత పాలసీలో ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం కూడా ఒకసారి చూడండి. ఐదేళ్లుగా ఒకే ఓనర్ దగ్గరున్న బండికి ఎన్‌సీబీ సున్నా అంటే, కిందటేడాది క్లెయిమ్ ఏదో నడిచిందనే అనుమానించాలి. ఏమిటో అడగండి.

అపోహ: ఢిల్లీ బండి తెస్తే లక్షలు మిగులుతాయి

అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల చవగ్గా వస్తాయి, నిజమే. కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రీ రిజిస్ట్రేషన్ కలుపుకుని చూడండి. లోన్ ఉంటే, అది తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికి రాకుండా పైసా ఇవ్వకండి. చాలాసార్లు ఆ ‘లక్షలు’ ఆర్టీఓ ఆఫీసు మెట్ల దగ్గరే అయిపోతాయి.

అపోహ: కొత్తదైతే ఏమీ చూడనక్కర్లేదు

రిజిస్ట్రేషన్ కాకముందే పగటిపూట యార్డుకి వెళ్లి పీడీఐ, అంటే డెలివరీకి ముందు తనిఖీ, చేసుకోండి. తయారీ నెల, టైర్ల తేదీలు, బ్యాటరీ. నెలల తరబడి ఎండలో నిలబడిన స్టాక్ బండిని మీకు కొత్తదిగా ఇస్తుంటే, ఆ మేరకు తగ్గించమని అడిగే హక్కు మీకుంది.

అపోహ: నాలుగు చక్రాల డ్రైవ్ ఉంది, నీళ్లలో పోతుంది

పోదు. నాలుగు చక్రాలూ తిరగడానికీ, ఇంజిన్ గాలి పీల్చే చోటికి నీళ్లు చేరడానికీ సంబంధం లేదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటివి తర్వాత తళతళలాడుతూ అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి, సీటు పట్టాల కింద తుప్పు చూడండి. డిక్కీ కింద బ్యాటరీ ఉండే గుంతలో వేలు పెట్టి చూడండి. అక్కడి మన్ను ఎంత కడిగినా ఒక పట్టాన పోదు. ఇక మీ బండే నీళ్లలో ఆగిపోతే స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కకండి. లోపల నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ తీసుకోకపోతే ఆ ఖర్చు మీదేనని ఇన్సూరెన్స్ వాళ్లు తేల్చేస్తారు. దిగి, టో బండిని పిలవండి.