యాగాన్ భాష: కొన్ని అపోహలు, వాస్తవాలు

దక్షిణ అమెరికా కొట్టకొసన, చిలీ, అర్జెంటీనాలు పంచుకున్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవుల్లో, తరతరాలుగా పడవల మీద తిరుగుతూ సముద్రాన్నే నమ్ముకుని బతికినవారు యాగాన్ ప్రజలు. వారి భాషను తల్లిభాషగా నేర్చినవారిలో చివరివారైన క్రిస్టినా కాల్డెరాన్ గారు 2022 ఫిబ్రవరి 16న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. భాషాశాస్త్ర తరగతిలో ఈ భాష ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థుల నుంచి వినిపించే అపోహలు కొన్నింటిని ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: అది పట్టుమని వంద మాటలైనా లేని ఆదిమ భాష.

వాస్తవం: ఈ అపోహకు పెద్ద పేర్లే ఆసరాగా నిలిచాయి. బీగిల్ నౌకలో అక్కడికి వెళ్లిన చార్లెస్ డార్విన్, 1839లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో, ఆ జనం మాట్లాడేది భాష అనిపించుకోవడానికే తగదన్నట్టు రాశారు. ఆయనకు ఆ భాష రాదు. ఆయన విన్నది ధ్వనులను మాత్రమే. బాల్యంలోనే ఫాక్‌లాండ్ దీవుల్లో యాగాన్ వారి నోటి నుంచే ఈ భాష నేర్చుకుని, 1871 నుంచి టియెర్రా డెల్ ఫ్యూగోలోని ఉషువాయాలో స్థిరపడిన మత ప్రచారకుడు థామస్ బ్రిడ్జెస్ మాత్రం దశాబ్దాల పాటు మాటలు సేకరించి నిఘంటువు కూర్చారు. అందులో సుమారు 32 వేల పదాలున్నాయని చెబుతారు. ఒకే ధాతువుకు రకరకాల ప్రత్యయాలు చేరగా ఏర్పడిన రూపాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి కనుక, ఆ సంఖ్యను పట్టుకుని ప్రపంచంలోకెల్లా సంపన్నమైన భాష ఇదేనని చాటడం కూడా సరికాదు. నా దృష్టిలో అసలు సంపద వ్యాకరణంలో ఉంది. సంస్కృతంలో లాగా ఇందులోనూ సర్వనామాలకు ద్వివచనం, అంటే ఇద్దరిని మాత్రమే సూచించే రూపం, ఉంది. ఒక పనిని కూర్చుని చేస్తున్నారా, నిలబడి చేస్తున్నారా, పడుకుని చేస్తున్నారా అన్న సంగతిని క్రియతో పాటే తెలిపే ఏర్పాటు కూడా ఉంది. ఇంతటి నిర్మాణమున్న భాషను చెవికి కొత్తగా తోచినంత మాత్రాన మోటు భాష అనడం అన్యాయం.

అపోహ: ఆధునిక జీవితం రాగానే ఆ భాష దానంతట అదే కనుమరుగైంది.

వాస్తవం: భాష కంటే ముందు మనుషులు పోయారు. 19వ శతాబ్దం మధ్యలో దాదాపు 3 వేల మంది ఉండేవారని అంచనా. తిమింగలాల, సీల్ జంతువుల వేటకు వచ్చిన విదేశీ నౌకలు వారి ఆహారాన్ని కొల్లగొట్టాయి. 1884లో బ్రిడ్జెస్ లెక్కించినప్పుడు సుమారు వెయ్యి మంది మిగిలి ఉన్నారు. ఉషువాయాలో అర్జెంటీనా ప్రభుత్వ స్థావరం ఏర్పడిన ఆ ఏడాదే తట్టు సోకింది. 1886 నాటికి సంఖ్య 400 లోపుకు పడిపోయింది. రెండేళ్లలో సగానికి పైగా జనాన్ని కోల్పోయిన సమాజంలో మాటలు అప్పగించే పెద్దలూ, అందుకునే పిల్లలూ ఒక్కసారిగా కరువయ్యారు. తరువాతి తరాలకు బడిలోనూ, ఉద్యోగంలోనూ స్పానిష్ తప్పనిసరి అయింది. తల్లిదండ్రులు నిర్లక్ష్యంగా భాషను వదిలేశారనేవారు ఈ క్రమాన్ని ఒకసారి చూడాలి.

అపోహ: ఆ భాష మాట్లాడే చివరి వ్యక్తి మరణంతో యాగాన్ జాతి కూడా అంతరించింది.

వాస్తవం: చిలీలో 2017 జనగణనలో సుమారు 1,600 మంది తాము యాగాన్ వారమని నమోదు చేసుకున్నారు. నవరినో దీవిలో ప్యూర్టో విలియమ్స్ పక్కన ఉన్న ఉకికా వారి ఊరే. క్రిస్టినా గారి కుమార్తె లిడియా గొంజాలెస్ 2021లో చిలీ రాజ్యాంగ రచనా సభకు యాగాన్ ప్రతినిధిగా ఎన్నికయ్యారు. భాష పోయినవారిని మనుషులుగానే లేనట్టు రాయడం వారి హక్కులను కూడా చెరిపేయడమే అవుతుంది.

అపోహ: నిఘంటువు, ధ్వనిముద్రణలు ఉన్నాయి కనుక భాష భద్రంగా ఉన్నట్టే.

వాస్తవం: బ్రిడ్జెస్ 1898లో మరణిస్తే ఆయన నిఘంటువు ఆస్ట్రియాలో అచ్చయింది 1933లో, అదీ కొద్ది ప్రతులే. ఆ పుస్తకంలో మాటలున్నాయి గానీ, ఇద్దరు మనుషుల మధ్య సాగే సంభాషణ వేగం, అలక, పరాచికం, పసిపిల్లను బుజ్జగించే తీరు అందులో దొరకవు. వదినామరదళ్ల వరసైన ఎమెలిండా అకూన్యా గారు 2005లో పోయాక, క్రిస్టినా గారికి తన భాషలో మాట్లాడుకునే తోడు లేకుండా పోయింది. సంభాషణ ఆగిపోయింది అప్పుడే. అదే ఏడాది క్రిస్టినా గారు తన మనుమరాలితో కలిసి యాగాన్ కథలను పుస్తకంగా వెలువరించారు. ఈ భాషను మళ్లీ నేర్చుకోదలచిన యాగాన్ పిల్లలకు బ్రిడ్జెస్ నిఘంటువు ఎంత అవసరమో, ఆ అమ్మమ్మ గొంతులో మిగిలిన కథలూ అంతే అవసరం.