పాత మినీకి సొంత టోబార్: అపోహలు - వాస్తవాలు

బర్మింగ్‌హామ్ దగ్గర ఒక చిన్న షెడ్డులో పాత కార్లకు వెల్డింగు పనులు చేస్తాను. వచ్చేవాటిలో ఎక్కువ మినీలే. 1959లో వచ్చిన ఆ బుల్లి కారు వెనక ట్రైలరు తగిలించుకోవాలని, దాన్ని తగిలించే ఇనుప బార్, అంటే టోబార్, సొంతంగా చేసుకోవాలని చాలామందికి సరదా. చేసుకోవద్దని నేను అనను. కాకపోతే చేసుకుని వచ్చినవాటిలో సగం విప్పించాల్సి వస్తోంది.

అపోహ: ఇనుము ఎంత మందమైతే టోబార్ అంత గట్టిది.

కిందటి శీతాకాలం ఒకాయన తెచ్చిన కారుకు ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటుతో చేసిన బార్ ఉంది. రెండు చేతులతో ఎత్తాల్సిన బరువు. దానికి గీత కూడా పడలేదు. డిక్కీలో తివాచీ ఎత్తి చూస్తే మాత్రం బోల్టుల చుట్టూ రేకు గిన్నెలా గుంటపడింది. బెజ్జాల అంచుల నుంచి వెంట్రుకంత పగుళ్లు నాలుగు వైపులా పాకాయి. ఒక వాషరు సగం రేకులోకి దిగిపోయింది. విస్తరిని లాగితే పుల్ల విరగదు, ఆకు చినుగుతుంది. మినీకి బరువు మోసే చట్రం (ఛాసిస్) విడిగా లేదు. డిక్కీ అడుగు ఒక మిల్లీమీటరు కూడా లేని రేకు. అందుకే రేకు పైన అరచేయంత ప్లేటు వేసి, దాని అంచులు రేకును కోయకుండా అరగదీసి, కొంత లాగుడు వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాలను పట్టి ఉంచే ఇనుప చట్రం) బిగించే చోట్లకు చేరేలా చూడాలి. సబ్‌ఫ్రేమ్‌ను ముందు స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. మినీలో మొదట తుప్పు తినేది దాన్నే. లోపలికి దిగితే టోబార్ మాట తర్వాత.

ఇంకొకటి: స్క్వేర్ పైపు గుండా బోల్టు పోతుంటే లోపల చిన్న పైపు ముక్క నిలబెట్టి వెల్డు చేయండి. లేకపోతే నట్టు బిగించేకొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, వారంలో బోల్టు వదులవుతుంది.

అపోహ: టోబార్ బిగించడానికి బంపరు బోల్టులు ఉండనే ఉన్నాయి.

అవి బంపరును మోయడానికి మాత్రమే.

అపోహ: బార్‌ను బాడీకి వెల్డు చేసేస్తే నిశ్చింత.

ప్లేటుకు సరిపడా వేడి పెడితే రేకు కరిగి చిల్లు పడుతుంది, రేకుకు సరిపడా పెడితే ప్లేటును పట్టదు. పైకి పూసల దండలా ముచ్చటగా ఉంటుంది. అదే సెట్టింగుతో ఒక తుక్కు ముక్క వెల్డు చేసి, రంపంతో అడ్డంగా కోయండి. రెండు ఇనుముల మధ్య నల్లగీత మిగిలితే అది అతికినట్టు కాదు. వెల్డింగు బల్ల మీద చేయండి, కారుకు బోల్టులతో బిగించండి. డ్రిల్లు పట్టే ముందు బ్యాటరీ వైరు తీసేయండి. డిక్కీలో ఎడమవైపు పెట్రోలు ట్యాంకు ఉంది, బ్యాటరీ కూడా డిక్కీలోనే.

అపోహ: పాత కారుకు రూల్స్ ఉండవు.

సగం నిజం. బ్రిటన్‌లో 1998 ఆగస్టు 1కి ముందు రిజిస్టరైన కార్లకు టైప్ అప్రూవల్ (ఆ నమూనాను పరీక్షించి ఇచ్చే అధికారిక ఆమోదం) ఉన్న టోబారే ఉండాలన్న నిబంధన లేదు. కానీ సొంత బ్రేకు లేని ట్రైలరు బరువు కారు బరువులో సగం దాటకూడదు. మినీ 620 కిలోలనుకుంటే, ట్రైలరూ సామానూ కలిపి 310. బీమా కంపెనీకి చెప్పాల్సిందే. భారత్‌లో పాత ప్రీమియర్ పద్మిని కారుకు ఇలాంటిది చేద్దామనుకునేవారు ముందు, వాహనాల్లో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చదవండి.

అపోహ: ట్రైలరు ముక్కు (కారుకు తగిలే ముందు కొస) మీద ఎంత బరువు ఉంటే అంత స్థిరం.

అసలు లేకపోతే ట్రైలరు తోక ఊపుతుంది, నిజమే. అయితే మినీని లాగేది ముందు చక్రాలు. వెనక ఇరుసుకు అర మీటరు అవతల 40 కిలోలు పెడితే, ఇరుసు మీద 50 పడి, ముందు చక్రాల మీద పది తగ్గుతుంది. తడిసిన ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు ఆ పది కిలోల విలువ తెలుస్తుంది.

అపోహ: టోబాల్ (ట్రైలరు తగిలే ఇనుప గుండు) ఇనుమే కదా, ట్రైలరు దీపాల ఎర్తు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, దాని ద్వారా వచ్చేస్తుంది.

దాని మీద గ్రీజు ఉంటుంది, ప్రతి గతుకుకూ కదులుతుంది. ట్రైలరు దీపాలకు కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల సాకెట్‌లో మూడోది, తెల్ల వైరు, ఎర్తు కోసమే. దాన్ని రంగు గీకిన శుభ్రమైన ఇనుముకు బిగించండి. 1960ల మినీల్లో చాలావాటికి పాజిటివ్ ఎర్తు, అంటే బ్యాటరీ ప్లస్ వైపు కారు బాడీకి కలిపి ఉంటుంది. మామూలు బల్బులకు పట్టింపు లేదు, ఎల్‌ఈడీ దీపాలు మాత్రం వెలగవు. బ్రేకు నొక్కినప్పుడు ట్రైలరు ఇండికేటరు మసకగా వెలుగుతోందా? బల్బు మార్చకండి, ముందు ఆ తెల్ల వైరు చూడండి.