కంపెనీ ఇన్సూరెన్స్: అమెరికాలో మనవాళ్లు నమ్మేవి, అసలు సంగతులు

అమెరికాలో కంపెనీల తరఫున ఉద్యోగుల ఆరోగ్య బీమా ప్లాన్లు చూడటం నా పని. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్ ఎంచుకునే గడువు) మొదలైతే ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. జీతంలో ప్రతి డాలరుకూ ఎక్సెల్ షీటు నడిపే మనవాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో మాత్రం పోయినేడాది ప్లాన్ మీదే మళ్లీ టిక్కు పెట్టేసి ఊరుకుంటారు. అడిగితే చెప్పే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: "మా కంపెనీ ఇన్సూరెన్స్ దాదాపు ఫ్రీ. జీతంలో కట్ అయ్యేది చాలా తక్కువ."

వాస్తవం: జనవరి చివర్లో కంపెనీ నుంచి వచ్చే డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) తీసి 12వ బాక్సు చూడండి. డీడీ అనే కోడ్ పక్కన ఒక అంకె ఉంటుంది (చిన్న కంపెనీలు కొన్ని చూపించవు). మీ కవరేజికి ఆ ఏడాది మీరూ కంపెనీ కలిసి కట్టిన మొత్తం అది. దాని మీద టాక్స్ పడుతుందేమోనని కంగారుపడేవాళ్లున్నారు. పడదు, తెలియజేయడానికే వేస్తారు.

ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ ఏటా చేసే సర్వే ప్రకారం 2025లో కుటుంబ కవరేజి సగటు ప్రీమియం 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది సగటున 6,850. మిగతా ఇరవై వేల పైచిలుకు కంపెనీ వాటా. 1999లో ఇదే సర్వేలో మొత్తం ప్రీమియమే 5,791 డాలర్లు.

ఆ ఇరవై వేలు కంపెనీ మనమీద ప్రేమతో పెట్టేది కాదు. ఒక మనిషి మీద ఏడాదికి ఎంతవుతుందో లెక్కేసేటప్పుడు జీతం, బోనస్, 401కె (రిటైర్మెంట్ పొదుపు), ఇన్సూరెన్స్ అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఒకటి ఉబ్బితే ఇంకొకటి సన్నబడాలి. ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది అనేదీ ఇదే, బడ్జెట్ మీటింగుల్లో నేను చూసేదీ ఇదే. హైక్ ఎందుకు తగ్గిందని మేనేజర్ని అడుగుతారు కానీ, ఈసారి ఇన్సూరెన్స్ ఎంత పెరిగిందని అడిగేవాళ్లు అరుదు.

అసలు ఉద్యోగానికీ బీమాకీ ముడి ఎలా పడిందంటే, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1942లో, ప్రభుత్వం జీతాల పెంపు మీద కట్టడి పెట్టింది. జీతం పెంచడానికి వీల్లేని కంపెనీలు మనుషుల్ని ఆకట్టుకోవడానికి బీమా వైపు తిరిగాయి. కంపెనీ కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కిందికి రాదని 1954 పన్ను చట్టం ఖాయం చేసింది. ఆ పన్ను లాభమే ఈ పద్ధతిని ఇప్పటికీ నిలబెడుతోంది.

అపోహ: "కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంది. డబ్బిచ్చేదీ వాళ్లే, కాదనేదీ వాళ్లే."

వాస్తవం: కార్డు వెనక చిన్న అక్షరాల్లో 'అడ్మినిస్టర్డ్' అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే మీ ప్లాన్ బహుశా సెల్ఫ్ ఫండెడ్. క్లెయిమ్ డబ్బు మీ కంపెనీ ఖాతాలోంచే పోతుంది. కార్డు మీద పేరున్నవాళ్లు నెట్‌వర్క్ చూపించి, కాగితాలు చూసి, ఫీజు తీసుకుంటారు. 2025 సర్వేలో కంపెనీ బీమా ఉన్న ఉద్యోగుల్లో 67 శాతం ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు.

దీనివల్ల మీకు రెండు తేడాలు. మొదటిది చట్టం. 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కింద సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకు రాష్ట్రాల బీమా చట్టాలు వర్తించవు. మసాచుసెట్స్, న్యూజెర్సీల్లో ఐవీఎఫ్ కవర్ చేయాలని చట్టం ఉంది కదా, మా ప్లాన్ ఎందుకు కాదంటోందని అడిగేవాళ్లకు చాలాసార్లు ఇదే జవాబు. రెండోది అప్పీలు. క్లెయిమ్ తిరస్కరించారని లెటర్ వస్తే చాలామంది కస్టమర్ కేర్‌తో రెండుసార్లు గొడవపడి, విసుగొచ్చి కట్టేస్తారు. తిరస్కరించిన లెటర్ అందినప్పటి నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా అప్పీలు చేయవచ్చు. అదీ పోతే, వైద్యపరమైన కారణంతో కాదన్నవాటిని ప్లాన్‌తో సంబంధం లేని బయటివాళ్లు పరిశీలించాలని అడిగే హక్కుంది. సెల్ఫ్ ఫండెడ్ అయితే హెచ్ఆర్‌లో బెనిఫిట్స్ చూసేవాళ్లకూ ఒక మెయిల్ పెట్టండి. డబ్బు వాళ్లది కాబట్టి వాళ్ల మాటా చెల్లుతుంది.

అపోహ: "జనం ఊరికే డాక్టర్ల దగ్గరికి పరిగెత్తడం వల్లే ప్రీమియాలు పెరుగుతున్నాయి."

వాస్తవం: ఎన్నిసార్లు వెళ్తున్నారన్నదాని కన్నా ఒక్కోదానికి ఎంత వసూలు చేస్తున్నారన్నదే ఎక్కువ బరువు. ర్యాండ్ సంస్థ అధ్యయనం ప్రకారం 2022లో కంపెనీ ప్లాన్లు, ప్రైవేటు బీమాలు ఆసుపత్రులకు చెల్లించింది అదే సేవకు మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వ బీమా) ఇచ్చేదానిలో సగటున 254 శాతం. ఆసుపత్రులు ఒకదాన్నొకటి కొనేసుకుంటే ఊళ్లో బేరమాడే చోటు మిగలదు. పైగా మందులు. బరువు తగ్గడానికి జీఎల్‌పీ-1 మందుల్ని కవర్ చేసే అతిపెద్ద కంపెనీలు, అంటే ఐదు వేలకు పైగా ఉద్యోగులున్నవి, 2024లో 28 శాతం. ఏడాది తిరిగేసరికి 43 శాతం. ఇప్పుడు వాటిలోనే కొన్ని షరతులు బిగిస్తున్నాయి.

అపోహ: "డిడక్టిబుల్ ఎక్కువున్న ప్లాన్ పిల్లల్లేని కుర్రాళ్లకే. ఫ్యామిలీ ఉంటే రిస్క్."

వాస్తవం: డిడక్టిబుల్ అంటే బీమా డబ్బు రావడం మొదలయ్యేలోపు మీరే కట్టుకోవాల్సిన మొత్తం. దీని మీద కొంచెం ఎక్కువసేపే కూర్చోవాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ వేసుకుందాం, ఒక్క మనిషికి. మొదటి ప్లాన్ నెలకు 250 డాలర్లు, డిడక్టిబుల్ 500, ఆ తర్వాత 20 శాతం మీ వాటా, ఏడాదికి జేబులోంచి పోయే గరిష్ఠం 3,000. రెండో ప్లాన్ నెలకు 90 డాలర్లు, డిడక్టిబుల్ 2,000, గరిష్ఠం 4,000, కంపెనీ మీ హెచ్ఎస్ఏ (వైద్యఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే) ఖాతాలో 750 వేస్తుంది.

ఏడాదంతా డాక్టరు మొహం చూడకపోతే మొదటి ప్లాన్‌కి 3,000 ఖర్చు. రెండోదానికి ప్రీమియం 1,080, కంపెనీ ఇచ్చిన 750 తీసేస్తే 330. ఇక పెద్ద ఆపరేషన్ అయి గరిష్ఠం దాకా వెళ్లారనుకోండి. మొదటిది 6,000, రెండోది 4,330. మధ్యలో 2,000 డాలర్ల బిల్లు వస్తే? మొదటిది 3,800, రెండోది 2,330. ఎటు తిప్పినా రెండోదే చవక. అయినా ఇలాంటి జంట ఎదురుగా పెడితే చాలామంది మొదటిదే తీసుకుంటారు, 'డిడక్టిబుల్ తక్కువ' అన్న మాట చూసి.

అన్ని కంపెనీల్లోనూ లెక్క ఇలాగే తేలదు. కంపెనీ హెచ్ఎస్ఏలో ఏమీ వేయకపోతేనో, రెండు ప్రీమియాల మధ్య తేడా పదీ ఇరవయ్యే అయితేనో లెక్క తిరగబడుతుంది. కుటుంబానికైతే ఇంకోటి చూడాలి. కొన్ని ప్లాన్లలో కుటుంబం మొత్తం డిడక్టిబుల్ పూర్తయ్యేదాకా ఎవరి బిల్లుకూ బీమా డబ్బు రాదు. ప్లాన్ సారాంశ పత్రం మొదటి పేజీలోనే అది రాసి ఉంటుంది. ఒకేసారి రెండు వేలు తీసి కట్టలేని నెలలు ఉంటాయనుకుంటే మాత్రం తక్కువ డిడక్టిబులే మేలు. అది లెక్క కాదు, నిద్రకు సంబంధించిన విషయం.

హెచ్ఎస్ఏలో డబ్బు మీదే, ఉద్యోగం మారినా వెంట వస్తుంది. 2026కి పరిమితి ఒక్కరికి 4,400, కుటుంబానికి 8,750, కంపెనీ వేసేదీ ఇందులోనే లెక్క. రెండు మెలికలు మాత్రం చూసుకోండి. మీ భర్త లేదా భార్య వాళ్ల ఆఫీసులో మామూలు హెల్త్‌కేర్ ఎఫ్ఎస్ఏ (జీతంలోంచి వైద్యఖర్చులకు పక్కన పెట్టే ఇంకో రకం ఖాతా) తీసుకుంటే మీరు హెచ్ఎస్ఏలో వేయడానికి అర్హత పోతుంది, బీమా వేరువేరుగా ఉన్నా సరే. మన ఇళ్లలో ఇద్దరూ విడివిడిగా కూర్చుని టిక్కులు పెట్టుకుంటారు కాబట్టి ఇది తరచూ జరుగుతుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు హెచ్ఎస్ఏకి రాష్ట్ర పన్ను మినహాయింపు ఇవ్వవు.

అపోహ: "యాన్యువల్ చెకప్ ఫ్రీ కదా, ఉన్న బాధలన్నీ అప్పుడే చెప్పేయొచ్చు."

వాస్తవం: చెప్పొచ్చు, బిల్లు వస్తుంది. ఫ్రీ అన్నది నివారణ పరీక్షలకే. 'పనిలో పనిగా ఈ మోకాలు కూడా చూడండి' అన్నారనుకోండి, డాక్టరు దాన్ని పరీక్షించి మందు రాస్తే అదే రోజుకు మామూలు విజిట్ కోడ్ ఒకటి అదనంగా పడే అవకాశం ఉంది. మోసమేం కాదు, కోడింగ్ పద్ధతే అంత. బాధ ఉంటే దాచమని కాదు నా ఉద్దేశం, ఈవోబీలో (బీమావాళ్లు పంపే క్లెయిమ్ వివరాల కాగితంలో) రెండు లైన్లు కనబడితే కంగారుపడొద్దని.

అపోహ: "ఇద్దరి కంపెనీల్లోనూ పిల్లల్ని పెడితే డబుల్ లాభం."

వాస్తవం: రెండు ప్రీమియాలు ఖాయం, లాభం మాత్రం కొసరే. ఏది ముందు కట్టాలో కూడా మీరు ఎంచుకోలేరు. అమ్మానాన్నల్లో ఎవరి పుట్టినరోజు క్యాలెండర్లో ముందొస్తే వాళ్ల ప్లానే పిల్లలకు మొదటిది. వయసుతో పనిలేదు, నెల, తేదీ చూస్తారు. ఫిబ్రవరిలో పుట్టిన అమ్మ ప్లాన్ నాసిరకమైనా సరే, ఆగస్టులో పుట్టిన నాన్న ప్లాన్ దాని తర్వాతే.

అపోహ: "లేఆఫ్ అయితే కోబ్రా. అది కట్టలేం కాబట్టి బీమా లేకుండా ఉండాల్సిందే."

వాస్తవం: కోబ్రా అంటే పాత ప్లాన్‌నే మొత్తం మీరే కట్టుకుని కొనసాగించడం, పైన 2 శాతం ఖర్చుల కింద. ఉద్యోగం పోయినందుకైతే 18 నెలల దాకా. ఇరవై లేదా అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న కంపెనీలకు ఈ చట్టం వర్తిస్తుంది. పైన చెప్పిన సగటు ప్రకారం కుటుంబానికి నెలకు సుమారు 2,300 డాలర్లు. ఆ అంకె చూస్తే గుండె గుభేల్మంటుంది, నిజమే.

కానీ వెంటనే సంతకం పెట్టక్కర్లేదు. తీసుకోవాలో వద్దో చెప్పడానికి కనీసం 60 రోజులు ఇస్తారు. ఆ గడువులోపు ఎప్పుడు తీసుకున్నా, కవరేజి ఆగిన రోజు నుంచే లెక్క. అప్పటిదాకా ఉన్న ప్రీమియాలన్నీ కట్టాలి, మొదటి చెల్లింపుకు మరో 45 రోజులు ఉంటుంది. ఈలోగా కొత్త ఉద్యోగంలో బీమా మొదలైపోయి, ఎవరికీ ఏమీ కాకపోతే, కోబ్రా జోలికే పోరు. మధ్యలో ఎవరికైనా ఎమర్జెన్సీ వస్తే అప్పుడు తీసుకుంటారు. దీనికి ఒక ఇబ్బంది ఉంది. మీరు తీసుకుని డబ్బు కట్టేదాకా ఆసుపత్రివాళ్లకు సిస్టంలో బీమా లేనట్టే కనిపిస్తుంది, బిల్లులు తర్వాత మళ్లీ పంపించుకోవాలి. రోజూ మందులు వాడేవాళ్లు, నెలలు నిండుతున్నవాళ్లు ఈ ఆటకు దిగొద్దు.

మార్కెట్‌ప్లేస్ (ఎవరికి వారు బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్లాన్ కూడా ఉంది, కవరేజి పోయాక 60 రోజుల్లో తీసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లూ కొనుక్కోవచ్చు. అయితే 2025లో వచ్చిన చట్టం వల్ల 2027 నుంచి హెచ్-1బీ వాళ్లకు ప్రీమియం సబ్సిడీ ఉండదు, పూర్తి ధర కట్టుకోవాలి. కవరేజి ఉద్యోగం చివరి రోజుతో పోతుందా, నెలాఖరుదాకా ఉంటుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. హెచ్ఆర్ వాళ్లతో చివరి కాల్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అపోహ: "ఇండియాలోలాగే అమ్మానాన్నల్ని ప్లాన్‌లో చేర్చొచ్చు. పుట్టిన పాప ఎలాగూ తల్లి ఇన్సూరెన్స్‌లోనే ఉంటుంది."

వాస్తవం: అమ్మానాన్నల్ని ఇక్కడి కంపెనీ ప్లాన్లు సాధారణంగా చేర్చుకోవు. వచ్చిపోయేవాళ్లకు విజిటర్ ఇన్సూరెన్సే దిక్కు, అందులో పాత జబ్బుల మీద ఉండే మినహాయింపులు టికెట్ కొనకముందే చదవాలి.

పాప విషయంలో, పుట్టిన రోజు నుంచి సాధారణంగా 30 రోజుల్లోపు మీరు హెచ్ఆర్ పోర్టల్‌లో చేర్చాలి. అలా చేరిస్తే కవరేజి పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. మరిచిపోతే మళ్లీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సి రావచ్చు, ఈలోగా పాప బిల్లులు తడిసి మోపెడవుతాయి. ఎక్కువమంది ఆగిపోయేది సోషల్ సెక్యూరిటీ కార్డు ఇంకా రాలేదని. చాలా ప్లాన్లు ఆ నంబరు లేకుండానే చేర్చుకుంటాయి. పోర్టల్ ఒప్పుకోకపోతే పాప పేరు, పుట్టిన తేదీ రాసి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి, కార్డు వచ్చాక నంబరు పంపవచ్చు.